కల్పితపాత్రకు ప్రమాణమేది?

మొన్నటి వేసవి సెలవులకు కొంచెము ముందు మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలురిద్దరు నాయొద్దకొక తగవును తెచ్చిరి. "సూపర్ మారియో బ్రదర్స్ 3" అను వీడియో ఆటయందు బౌజర్ అను తాబేటిరాజొకడు గలడు. వాని సేనకు ఏడుగురు చిన్న తాబేళ్లు నాయకులు. వారిని కూపలింగులందురు. ఆ యేడుగురును బౌజరు బిడ్డలా, కేవలము కొలువువారా యన్నది ప్రశ్న. 1990లో అమెరికాలో విడుదలయైనప్పుడు ఆ యాటతో గూడ నిచ్చిన సూచనల పుస్తకముయొక్క ఛాయాచిత్రమును ఒక బాలుడు ఫోనులో చూపి, "ఇదిగో మాస్టారూ, పిల్లలనే అచ్చువేశారు చూడండి" అనెను. రెండవవాడు, ఆ యాటను సృజించిన షిగెరు మియామోతో 2012లో "గేమ్ ఇన్‌ఫార్మర్" అను పత్రికవారితో మాట్లాడుచు, బౌజరునకు బౌజర్ జూనియర్ ఒక్కడే కుమారుడని చెప్పిన సంగతిని చూపి, "పుట్టించినవాడే కాదన్నాక ఇంక పుస్తకం ఎందుకు మాస్టారూ?" అనెను.

మొదట నాకు నవ్వు వచ్చినది. ప్రక్కనున్న లెక్కల పంతులుగారు "పరీక్షలు దగ్గర పడినవి; తాబేళ్ల వంశవృక్షముతో మీకేమి పని?" యని వారిని కసరి పంపబోయిరి. నేను వారించి రెండవ బాలుని "ఆయన మాటే ఎందుకు నిజం కావాలిరా?" యని యడిగితిని. వాడు తడుముకొనకుండ "ఆట వాళ్లదే కదండీ!" యని బదులు చెప్పెను.

ఈ బదులు నన్ను కొన్ని దినములు వదలలేదు. వస్తువెవరిదో దానిని గూర్చిన సత్యమును వారిదే యను నభిప్రాయము పదునాలుగేండ్ల బాలుని నోట నంత సులభముగా వెడలుట నాకు వింతగను, కొంత భయముగను తోచినది. నేటి మన యిండ్లలో పిల్లలు పురాణములకంటె, నవలలకంటె నీ యాటలవలననే యెక్కువ కథలను తెలిసికొనుచున్నారు. కథను నమ్ముట, దానిని గూర్చి వాదించుట, వాదమున నెవరిమాట చెల్లునో నిర్ణయించుట వారచ్చటనే యభ్యసించుచున్నారు. కావున నీ ప్రశ్న చిన్నది కాదు. దీనిని కొంచెము నిదానముగా విచారింతము.

ఇంగ్లీషువారు ఈ విషయమున వాడు మాట "కానన్". గ్రీకుభాషలో దానికి కొలబద్ద యని యర్థము. క్రైస్తవసంఘమువారు తమ పవిత్రగ్రంథములుగా నంగీకరించిన వాని పట్టికకా పేరు వచ్చినది. కల్పితకథల కీ దృష్టి నలవరచినవారిలో ముఖ్యుడు రోనాల్డ్ నాక్స్. అతడు 1911లో, పండితులు బైబిలును పరిశోధించు పద్ధతిని పరిహసించుటకై, షెర్లాక్ హోమ్సు కథలను సరిగా నదే పద్ధతిలో పరిశోధించి చూపెను. పరిహాసముగా మొదలైనది క్రమముగా నిజమైన యలవాటయ్యెను. నవలలనుండి చలనచిత్రములకును, బొమ్మలకథలకును ప్రాకి, నేడు వీడియో ఆటలయందు స్థిరపడినది.

తెలుగున దీనికి ప్రమాణమను మాట చక్కగా సరిపోవును. ప్రమాణముల బలాబలములను మన మీమాంసకులు విచారించినంత నిశితముగా విచారించినవా రరుదు. శ్రుతికిని స్మృతికిని విరోధము గలిగినచో శ్రుతియే బలవత్తరమని వారు నిర్ణయించిరి. ఒక వాక్యమున కర్థము నిశ్చయించుటకు శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య యని యారు సాధనములను చెప్పి, ముందుదానికంటె వెనుకది దుర్బలమనిరి. ఈ తర్కపద్ధతి మనకుపకరించును. కాని యొక భేదమును మరువరాదు. వేదమునకు కర్త లేడు గనుక దోషము లేదని వారి వాదము. వీడియో ఆటకో, కర్తలు వందలకొలదిగా నుందురు. వారిపై యజమాని గలడు. సరకునకు వెల గలదు. అపౌరుషేయమని నమ్మినదానికి వారిచ్చిన మర్యాదను అంగడిలోని సరకున కట్లే యిచ్చుట తగదు. ఇందు ప్రమాణమునకు వేరు ఆధారము వెదకవలయును.

నవలయందు చిక్కింత లేదు. పుస్తకమున నేమున్నదో యది కథ. ఆటయందు మూలమేది యనుటయే కష్టము. 1980ల నాటి యాటయంత్రములకు జ్ఞాపకస్థలము మిక్కిలి స్వల్పము. తెరపై నాలుగు వాక్యములు చూపుటయే భారము. అందుచేత పాత్రల పేర్లు, చుట్టరికములు, పూర్వవృత్తాంతము పెట్టెలోని చిన్న పుస్తకమునందచ్చు వేసెడివారు. ఆ పుస్తకమును ఆటకు వెలుపలిదని త్రోసివేసినచో ఆనాటి పాత్రలలో పెక్కింటికి పేరే మిగులదు. పిదప ఆట జపానునుండి అమెరికాకు పోవునప్పటి భాషాంతరీకరణము, ఆ పాత్రలతో వెలువడు నవలలు, బొమ్మల పత్రికలు, చలనచిత్రములు, నిర్మాతల సంభాషణలు, కంపెనీవారు వేయించు కోశములు, అన్నిటికిపైన ఆటగాడు తన చేతితో నెన్నుకొన్న మార్గము. ఆటతోను సూచనల పుస్తకముతోను గలిపి యివి తొమ్మిది. ఈ తొమ్మిదింటిలో నేది శ్రుతి, యేది స్మృతి, యేది పుక్కిటిపురాణము?

కొన్ని యుదాహరణములను చూతము. 1991లో క్యాప్‌కామ్ కంపెనీవారు "స్ట్రీట్ ఫైటర్ 2" అను మల్లయుద్ధపు ఆటను వెలువరించిరి. అందలి ప్రతినాయకులలో మువ్వురు వీరు: నల్లజాతి ముష్టియోధుడొకడు, స్పెయిను దేశపు ముసుగువీరుడొకడు, సైనికదుస్తుల నియంత యొకడు. జపానులో వీరి పేర్లు వరుసగా ఎం. బైసన్, బాల్రాగ్, వేగా. ముష్టియోధుడు మైక్ టైసనును మిక్కిలి పోలియుండుటచే అమెరికాలో వ్యాజ్యము వచ్చునను భయముతో పేర్లను త్రిప్పివేసిరి. అచ్చట ముష్టియోధుడు బాల్రాగ్, ముసుగువీరుడు వేగా, నియంత ఎం. బైసన్ అయిరి. వేగా యెట్టివాడని యిరువురు వాదించినచో, ఒకడు నియంతను, ఒకడు ముసుగువీరుని మనసున నుంచుకొని మాటాడుచుండవచ్చును. ఇరువురు చెప్పునదియు నిజమే. సమాఖ్య, అనగా పేరు, ప్రమాణములలో నెల్ల దుర్బలమని మీమాంసకులేల చెప్పిరో దీనివలన తేటపడును. పేరునుబట్టి తీర్పు చెప్పుటకు ముందు ఏ దేశపు కూర్పో యడుగవలయును.

ఆ యాటయందే మరియొక విచిత్రము జరిగెను. ర్యూ అను వీరుడు గెలిచిన పిమ్మట పలుకు మాటలో "షోర్యుకెన్" అను తన దెబ్బ పేరు వచ్చును. పైకెగయు డ్రాగను పిడికిలి యని దాని భావము. భాషాంతరకర్తలు ఆ యక్షరములను చీనా యుచ్చారణలో చదివి "షెంగ్ లాంగ్" అనిరి. దెబ్బను జయింపుమనిన మాట, షెంగ్ లాంగ్ అను మనుష్యుని జయింపుమనినట్లయ్యెను. ఆటగాండ్రు ఈ మనుష్యునికై యెంతయో వెదకిరి. 1992 ఏప్రిలు మాసమున "ఎలెక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ" అను పత్రిక, ఏప్రిలు ఫూలు పరిహాసముగా, వానిని ప్రత్యక్షము చేసికొను మార్గమిది యని యచ్చువేసెను. ఎందరో నాణెములు వ్యయపరచి యా దుష్కరమైన మార్గమును సాధింప జూచిరి. తరువాత ర్యూ గురువునకు గౌకెన్ అను పేరు స్థిరపడినది. 2009లో ఇంటియంత్రములకు వచ్చిన "స్ట్రీట్ ఫైటర్ 4"లో నా గురువు ఆడదగిన పాత్రగా గూడ నుండెను. గురువొకడు వచ్చినాడు గనుక షెంగ్ లాంగు నిజమే యని వాదించువారిని నేనెరుగుదును. అది సరికాదు. ఒక పొరపాటు పదిమంది నోట బడి, పత్రికకెక్కి, ముప్పదియేండ్లు నిలిచినను పొరపాటే. దాని వయస్సు దానికి ప్రమాణత్వమును తేజాలదు. దాని పుట్టుక యెట్టిదో కనుగొనుటయే విమర్శకుని మొదటి పని.

అయినను తప్పుగానో, స్వేచ్ఛగానో పుట్టినదానిని మూలకర్తలే తరువాత స్వీకరించుటయు గలదు. 1991లో సెగా కంపెనీవారు తెచ్చిన "సోనిక్" ఆటలో ప్రతినాయకుని పేరు జపానులో డాక్టర్ ఎగ్‌మన్. అమెరికాలో డాక్టర్ రోబోట్నిక్. పాశ్చాత్యులు ఇంకను ముందుకుపోయి, అతడు పూర్వము కింటొబోర్ అను సాధుశీలుడైన శాస్త్రజ్ఞుడనియు, ప్రమాదమువలన దుష్టుడయ్యెననియు కథ నల్లిరి. రోబోట్నిక్ అను పేరును వెనుకనుండి చదివిన కింటొబోర్ అగును. అమెరికాలో ఆర్చీ కంపెనీవారు 1993 మొదలు 2017 వరకు నడపిన బొమ్మల పత్రికలో సోనిక్‌కు వేరొక ప్రపంచమే యేర్పడినది. జపాను నిర్మాతలు కింటొబోరును చేరనీయలేదు. కాని రోబోట్నిక్ అను పేరును మాత్రము స్వీకరించిరి. 2001లో వచ్చిన "సోనిక్ అడ్వెంచర్ 2"లో ఎగ్‌మన్ తాతగారు జెరాల్డ్ రోబోట్నిక్. అమెరికా వర్తకులు పెట్టిన పేరు జపాను కథలో ఇంటిపేరై కూర్చున్నది. ఇచ్చట మనము చెప్పదగిన దేమనగా, ఆ పేరు ఎప్పుడు మూలమున బ్రవేశించెనో అప్పటినుండి ప్రమాణము. అంతకుముందు జపాను ఆటలయందును అది యుండెనని చెప్పుట చరిత్రను చెరపుట.

ఆటయు నవలయు విరోధించినప్పుడేమి చేయవలెను? 2001లో "హేలో" అను యుద్ధపు ఆట వెలువడుటకు కొలది దినములముందు ఎరిక్ నైలండు వ్రాసిన "ది ఫాల్ ఆఫ్ రీచ్" అను నవల వెలువడెను. రీచ్ అను గ్రహము శత్రువులచే నెట్లు నాశనమయ్యెనో దానిలోని కథ. పాఠకులు తొమ్మిదేండ్లు దానినే చరిత్రగా నమ్మిరి. 2010లో ఆట కట్టినవారే "హేలో: రీచ్" అను నూతనక్రీడను తెచ్చి, ఆ యుద్ధమును వేరుగా చూపిరి. నవలలో గ్రహపతనము శీఘ్రముగా ముగిసినది. ఆటలో యుద్ధము వారములకొలది సాగినది. నవలలో అంతరిక్షముననే యున్న నౌక ఆటలో నేలపై నిలిచియున్నది. ఆటయే శ్రుతి, నవల స్మృతి యని కొందరు చటుక్కున తీర్పు చెప్పిరి. కాని నవల ముందు పుట్టినది. మాస్టర్ చీఫ్ అను నాయకుని బాల్యము, శిక్షణము దానివలననే లోకమునకు తెలిసినవి. ఒక ఘట్టమున ఆటతో విరోధించినంత మాత్రాన తక్కినదంతయు బొంకని త్రోయరాదు. విరోధమున్నచోట మాత్రమే బలాబలవిచారము. విరోధము లేనిచోట రెండును నిలుచును. ఇది మీమాంసకులును, న్యాయస్థానములును అంగీకరించు మర్యాద.

యజమానికంటె పాఠకుడే మూలమును చక్కగా నెరిగిన సందర్భములును గలవు. 2012లో "మాస్ ఎఫెక్ట్" అను ఆటను బట్టి "డిసెప్షన్" అను నవల వెలువడినది. దానిని కంపెనీయే యనుమతించినది. ముఖపత్రముపై దాని ముద్ర యున్నది. ఆటగాండ్రు చదివి, ఆటలతోను మునుపటి నవలలతోను అది విరోధించు స్థలములను ఒక్కొక్కటిగా నెత్తి పట్టిక వ్రాసిరి. ఆట నిర్మాతలును ప్రకాశకులును తప్పులనొప్పుకొని, ముందు కూర్పులలో దిద్దెదమని ప్రకటించిరి. "ఆట వాళ్లదే కదండీ" యనిన నా శిష్యునకు ఇది మొదటి ప్రత్యుత్తరము. ముద్ర యజమానిదైనను మూలము సాక్ష్యము చెప్పినది; యజమాని తలవంచెను.

ఇక కోశముల మాట. "జెల్డా" అను ఆటల పరంపరకు కాలక్రమమేది యని యభిమానులు చిరకాలము వాదించిరి. 2011లో నింటెండోవారు జపానులో "హైరూల్ హిస్టోరియా" అను పెద్ద పుస్తకమును వేసి, 1998 నాటి "ఒకరీనా ఆఫ్ టైమ్" తరువాత కథ మూడు శాఖలుగా చీలినదనిరి. ఆ మూడింటిలో నొకటి, నాయకుడు తుదియుద్ధమున నోడిపోయినచో నేమగునో చెప్పు శాఖ. ఆ యోటమి ఆటలో ముగింపుగా చూపబడలేదు. ఆటగా డోడినప్పుడెల్ల ఆట మరల మొదలుపెట్టుమనును, అంతియే. పుస్తకము చెప్పినదానికి ఆటలో నాధారము స్వల్పము. ఐనను ఆ పుస్తకము తాను చెప్పునది అప్పటికి నిజమని నమ్మబడుదాని సంగ్రహము మాత్రమే యని వినయముతో చెప్పికొన్నది. 2017లో వచ్చిన "బ్రెత్ ఆఫ్ ది వైల్డ్" అను ఆటను కంపెనీవారు కాలక్రమమున నన్నిటికి చివర నుంచిరిగాని, ఏ శాఖకు చెందినదో చెప్పలేదు. పుస్తకకర్తలకున్న వినయము దానిని చేతబట్టుకొని ఇతరులను గద్దించు పాఠకులలో చాలమందికి లేకపోవుట విచారింపదగినది.

అన్నిటిలో కఠినమైనది ఆటగాని యెన్నికకు సంబంధించిన చిక్కు. ఇది వీడియో ఆటకే ప్రత్యేకము. 1996లో వచ్చిన "డాగర్‌ఫాల్" అను ఆటకు పెక్కు ముగింపులు గలవు. ఆటగాడొక మహాయంత్రపు బలమును ఏ రాజునకిచ్చిన ఆ రాజు గెలుచును. ఒకటి నిజమైన తక్కినవి యబద్ధములు కావలెను గదా! తరువాతి యాటలయందు నిర్మాతలు ఎవరి ముగింపును త్రోసిపుచ్చలేదు. ఆ సమయమున కాలమే చెదరి, అన్నియు నొక్కసారిగా జరిగినవని, ఆటలో చదువదగిన ఒక కల్పితగ్రంథమున వ్రాయించిరి. ఇది యుక్తికి కొంచెము దూరమే. కాని యిందొక సౌజన్యము గలదు. ఇంటింట కూర్చుండి ఆడిన ప్రతివాని యనుభవమును వారు గౌరవించిరి.

దీనికి విరుద్ధమైనది 2018లో యూబిసాఫ్టువారు తెచ్చిన "అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ". ప్రాచీన గ్రీసుదేశపు కథ. నాయకుడుగా అలెక్సియోసునైనను, నాయికగా కసాండ్రానైనను ఆటగాడెన్నుకొనవచ్చును. ఎవరిని ప్రేమింపవలెనో, ఎవరిని వలదనవలెనో యదియు నతని యిష్టమే యని ప్రకటించిరి. పిదప కసాండ్రాయే ప్రమాణమనిరి. అంతవరకు నిర్మాతల హక్కే. కాని 2019 జనవరిలో వచ్చిన యనుబంధభాగమున, ఆటగాడు పూర్వమేమి యెన్నుకొన్నను, ఆ పాత్ర యొకరితో కాపురముండి బిడ్డను గనక తప్పని విధముగా కథ నడపిరి. వివాహమునే యొల్లనిదిగా, లేక స్త్రీకి స్త్రీయందే యనురాగము గలదానిగా కసాండ్రాను నడపుకొనివచ్చిన ఆటగాండ్రు నొచ్చుకొనిరి. నిర్దేశకుడు బహిరంగముగా క్షమాపణ చెప్పెను. సంభాషణలలో కొన్నింటిని సవరించిరి. స్త్రీ యిష్టమును పెద్దలు నిర్ణయించుట తప్పని వాదించి పెరిగిన మన యిండ్లకు ఈ కోపము సులభముగా నర్థము కావలెను. నీ యిష్టమని ముందు చెప్పి, యిష్టము తెలిపిన పిమ్మట తీసివేసికొనుట కల్పితపాత్ర విషయముననైనను వాగ్దానభంగమే.

ఇప్పుడు పూర్వపక్షములను విందము. యజమాని మాటయే తుదిమాట యనువారు మొదటివారు. వీరి వాదము తేలికది కాదు. పదుగురు రచయితలు పది పుస్తకములు వ్రాయునప్పుడు ఒకడు అవుననినదానిని మరియొకడు కాదనకుండుటకు ఒక పెద్దదిక్కు కావలయును. నిజమే. కాని దీనివలన సిద్ధించునదేమి? ముందు వ్రాయబోవు కథలు దేని ననుసరింపవలెనో చెప్పు నధికారము యజమానికి గలదని మాత్రమే. దీనిని శాసనప్రమాణమందము. ఇదివరకు వెలువడిన కృతిలో నేమున్నదో చెప్పునది పాఠప్రమాణము. దీనిపై యజమానికి ఇతరులకంటె నెక్కువ యధికారము లేదు. వ్రాసినదానిని చదువగల ప్రతివాడును అధికారియే. "ఇకమీదట కూపలింగులను బౌజరు బిడ్డలుగా మేము భావింపము" అని కంపెనీవారు చెప్పవచ్చును. "మా పుస్తకమున ఎన్నడును బిడ్డలని లేదు" అని చెప్పజాలరు. ఈ రెండు వాక్యములకు గల భేదమును మన బాలురు గుర్తింపలేకున్నారు. నా భయమంతయు నిందులకే.

రెండవవారు పదిమంది నమ్మినదే ప్రమాణమందురు. షెంగ్ లాంగ్ వృత్తాంతమే వీరికి సమాధానము. మూడవవారు "అంతయు కల్పనయే; కల్పనలో నిజానిజములేమి? ఎవరికి తోచినది వారనుకొందురు" అందురు. ఇది వినుటకు ఉదారముగా నుండును. కాని కథ కల్పన యైనను, కథలో నేమున్నదను మాట కల్పన కాదు. శకుంతలకు ఉంగరము పోయినదనుట నాటకమును గూర్చిన నిజము, పోలేదనుట యబద్ధము. ఎవడైన ఉంగరము పోని శకుంతలను క్రొత్తగా వ్రాసికొనవచ్చును. దానిని కాళిదాసున కంటగట్టరాదు. ఆటల యభిమానులు వ్రాసికొను సొంతకథలకును ఈ స్వాతంత్ర్యము గలదు, ఈ హద్దును గలదు.

కావున నాకు తోచిన సిద్ధాంతమిది. మొదట, కృతి యేమి చెప్పుచున్నదో చూడవలయును. అదియు ఏ కూర్పులో, ఏ భాషలో, ఏ సంవత్సరమున నన్నది చెప్పి చూడవలయును. రెండవది, కృతితో గూడ వెలువడిన సూచనల పుస్తకము కృతియం దంగము. కృతి మాటాడనిచోట దానిమాట చెల్లును. మూడవది, నవలలు, బొమ్మల పత్రికలు, కోశములు మూలముతో విరోధింపనంతవరకు గ్రాహ్యములు. నాలుగవది, నిర్మాత సంభాషణ అతని యుద్దేశమునకు మంచి సాక్ష్యమే; కాని ఇరువదియేండ్లకు పిమ్మట చెప్పినమాట, ఇరువదియేండ్లనాటి యుద్దేశమునకు బలహీనసాక్ష్యము. ఐదవది, యజమాని శాసనము ముందు రాబోవు కృతులకే గాని వెనుకటివానికి తగులదు. ఆరవది, తీర్పు సాధ్యము కానిచోట రెండు పాఠములను తేదీలతో వ్రాసి యుంచవలయును. 1919లో మొదలై 1966లో ముగిసిన పూనా భండార్కరు సంస్థవారి మహాభారతసంస్కరణమున పండితులు ఒక పాఠమును పైన నుంచిరిగాని, తక్కిన పాఠములను అగ్నికి వేయలేదు. క్రింద చిన్నయక్షరములతో నన్నిటిని అచ్చువేసిరి. చదువువాడు వారి తీర్పును పరీక్షింప వీలైనది. పరీక్షింప వీలగుటయే ప్రమాణమునకు ప్రాణము.

ఈ చివరిమాటయే అన్నిటికంటె ముఖ్యమైనదని నా తలంపు. ఏలనన, ఆటల విషయమున పరీక్షింపవలసిన మూలమే మాయమగుచున్నది. 2010లో వెలువడిన "ఫైనల్ ఫాంటసీ 14" అను ఆట యంతర్జాలముపైననే ఆడదగినది. అది నచ్చకపోగా కంపెనీవారు 2012 నవంబరులో దానిని మూసివేసి, 2013లో క్రొత్తగా కట్టి తెచ్చిరి. క్రొత్త కథలో పాతయాట యొక మహావిపత్తునకు ముందటి పూర్వయుగముగా మాటిమాటికి స్మరింపబడును. కాని యా పూర్వయుగమును నేడెవ్వరును ఆడి చూడలేరు. ఆనాటివారి జ్ఞాపకములు, వారు తీసి దాచిన చలనచిత్రములు మాత్రమే సాక్ష్యములు. కనబడని శ్రుతిని స్మృతినిబట్టి యూహింపవలెనని మీమాంసకులు చెప్పిన గతి ఇచ్చట నిజముగా పట్టినది. దుకాణములలో నమ్మిన యాటల గతియు మేలుగా లేదు. అమెరికాలో 2010కి ముందు వెలువడిన యాటలలో 100కు 87 నేడు విక్రయమున దొరకుట లేదని అచ్చటి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషనువారు 2023లో ప్రకటించిరి. మూలము దొరకనప్పుడు "అందిట్లున్నది" యను యజమాని మాటను కాదనుట కెవరికి సాధ్యము? వస్తువును మూసివేయు నధికారమును, దానియందేమున్నదో చెప్పు నధికారమును ఒక్కచేతనే యుండుట మంచిది కాదు. ఆ కారణముచేత ప్రాతయాటలను, వాని సూచనల పుస్తకములను భద్రపరచు గ్రంథాలయములు తాళపత్రములను భద్రపరచు గ్రంథాలయములవలెనే గౌరవింపదగినవి.

పదిదినముల తరువాత నా బాలురను పిలిచి నా తీర్పు చెప్పితిని. తెల్లకాగితముపై ఇట్లు వ్రాయుడంటిని: 1990 నాటి యింగ్లీషు పుస్తకమున కూపలింగులు బౌజరు బిడ్డలు. 2002లో "సూపర్ మారియో సన్‌షైన్" ఆటతో బౌజర్ జూనియర్ వచ్చెను. 2012లో మియామోతో అతడొక్కడే కుమారుడనెను. మొదటిది పాఠము, చివరది శాసనము. ఎవరడిగినను మూడును చెప్పవలెను, తేదీలు విడువరాదు.

"అయితే ఎవరు గెలిచారు మాస్టారూ?" అని రెండవవాడు అడిగెను. గెలుపు మాట యట్లుంచి, ఇరువదియేండ్లనాటి మాట నెవరైన మార్చి చెప్పినప్పుడు "పాత కాగితమేదీ?" యని యడుగుట నేర్చినవాడు ఆటలోనేగాక ఊరిలోను మోసపోడని చెప్పితిని. మొదటివాడు కొంతసేపాలోచించి, "ఈ ఇంగ్లీషు పుస్తకం కూడా అనువాదమే కదండీ! 1988లో జపానులో వచ్చిన అసలుదానిలో ఏమని ఉందో చూడాలి" అనెను. లెక్కల పంతులుగారు తల యెత్తి వానివంక చూచిరి. ఆ బాలుడు వేసవిలో జపాను అక్షరములు నేర్చుకొన మొదలుపెట్టెనని వాని తండ్రిగారు మొన్న నాతో చెప్పిరి.